గొడ్ల కట్లు ఎప్పుడు విప్పాలి?

యాప్‌ల డిజైన్ పనిలో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు వైరాలో మా ఇంటికి వస్తుంటారు. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, ఏ కోర్సు మంచిది, జీతం ఎంత వస్తుంది అని అడుగుతారు. నేను నేర్చుకున్న సాఫ్ట్‌వేర్లలో సగం ఇప్పుడు ఎవరూ వాడటం లేదు, వాటి గురించి చెప్పి ఏం లాభం? ముప్పై ఏళ్ళకు పైగా నేను చేసిన పని ఒక్కటే. ఒకరు తయారు చేసిన వస్తువును ఇంకొకరు వాడుతుంటే పక్కన కూర్చుని చూడటం. ఎక్కడ ఆగిపోతున్నారు, ఎక్కడ తికమక పడుతున్నారు, ఎక్కడ మొహమాటానికి నవ్వేస్తున్నారు అని రాసుకోవడం. దానికి యూఎక్స్ అని పేరు పెట్టినా, యూజబిలిటీ అని పెట్టినా పని అదే.

నా ఉద్యోగంలో మంచి రోజులు చాలానే ఉన్నాయి. వాటి గురించి రాయను, అవి నాకే ఏమీ నేర్పలేదు. నా వల్ల రెండు బర్రెలు చచ్చిపోయిన సంగతి రాస్తాను. అయితే దానికి ముందు ఐలయ్య గారి గురించి చెప్పాలి.

దీపం కింద సద్దులు

మా నాన్న బొగ్గు గని కార్మికుడు. నేను డిగ్రీ అయిపోగానే గనుల దగ్గరే ఒక శిక్షణ కేంద్రంలో చేరాను. కార్మికుల కోసం జాగ్రత్త బోర్డులు రాయడం నా పని. అక్షరాలు గుండ్రంగా రాస్తానని పేరు. ఆ రోజుల్లో ఆడవాళ్ళను గని లోపలికి పంపేవారు కాదు. కాబట్టి నేను ఎన్నడూ చూడని చోటికి బోర్డులు రాసేదాన్ని.

ఒకసారి పైకప్పు వదులుగా ఉన్న చోట పెట్టడానికి బోర్డు కావాలన్నారు. ఎర్ర రంగులో పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను. చీకట్లో కనబడాలి కదా అని దాని మీద ఒక దీపం కూడా పెట్టించాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. నెల తర్వాత ఐలయ్య గారు వచ్చారు. ఆయన ఓవర్‌మ్యాన్, అంటే లోపల ఒక షిఫ్టులో మనుషులందరి మంచిచెడ్డలు చూసే పెద్ద. వచ్చి నా బల్ల ముందు కూర్చుని, బీడీ వెలిగించబోయి, ఆఫీసని గుర్తొచ్చి జేబులో పెట్టుకున్నారు.

"బోర్డు మంచిగనే రాసినవ్ బిడ్డా" అన్నారు. "మావోళ్ళు రోజూ దాని కిందనే కూసొని సద్ది తింటున్నరు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఎందుకని అడిగితే, ఆ మూలకు వెలుతురున్న చోటు అదొక్కటేనట. ప్రమాదమని చెప్పడానికి పెట్టిన దీపం మనుషులను ప్రమాదం కిందికే పిలుస్తోంది. చదివినవాళ్ళకు అర్థం కాలేదా అని నేను రోషంగా అడిగాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు.

"అర్థమైందా అని ఎవ్వర్నీ అడగకు బిడ్డా. కాలేదంటే చిన్నతనమని అందరు అయిందనే అంటరు. నీ బోర్డు చూసినంక మనిషి కాలు ఎటు కదిలిందో గదే చూడు."

తర్వాత హైదరాబాద్‌లో కంప్యూటర్ కంపెనీల్లో పనిచేశాను. వేల రూపాయలు పోసి శిక్షణలకు పంపారు. ఐలయ్య గారు బల్ల ముందు కూర్చుని చెప్పిన దానికంటే ఎక్కువ ఎవరూ చెప్పలేదు. విచారం ఏమిటంటే, ఆ మాట నేను ఊరంతటికీ చెబుతూ తిరిగాను, సరిగ్గా అవసరం పడిన రోజున మాత్రం మర్చిపోయాను.

సమోసాలు తిన్నవాళ్ళు తప్పు పట్టరు

నా చివరి ఉద్యోగం ఒక చిన్న కంపెనీలో. గోదావరి వరద వచ్చేటప్పుడు ఒడ్డు పల్లెలకు ఫోన్లో హెచ్చరిక చెప్పే యాప్ తయారు చేసే పని మాకు వచ్చింది. మా బాస్ శ్రీధర్ గారు నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న. తెలివైనవాడు, కష్టపడతాడు, కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే రకం. యాప్ చాలా సులువుగా ఉండాలన్నది ఆయన పట్టుదల. తెర మీద ఒకే ఒక చుక్క. భద్రాచలం దగ్గర గోదావరి మొదటి ప్రమాద హెచ్చరికకు కింద ఉంటే పచ్చ, దాటితే పసుపు, ఆపైన ఎరుపు. చదువు రానివాళ్ళకు కూడా తెలిసిపోతుంది. నాకూ నచ్చింది, అది దాచను.

జనంతో వాడించి చూడాలి కదా. భద్రాచలంలో ఒక ఫంక్షన్ హాలు కిరాయికి తీసుకున్నాం. ఒడ్డు పల్లెల నుంచి, తండాల నుంచి పదిహేను మందిని ఆటోల్లో రప్పించాం. ఫ్యాన్లు, కుర్చీలు, చాయ్, సమోసాలు. మా ఫోన్లే చేతికిచ్చి, చుక్కల అర్థం చెప్పి, అర్థమైందా అని అడిగాను. అవును, నోరు జారి కాదు, పదిహేను సార్లు అడిగాను. అందరూ "అవ్ మేడం" అన్నారు. పిలిచి కూర్చోబెట్టి సమోసా పెట్టినవాళ్ళను తప్పు పట్టే మనుషులు మన వైపు ఉంటారా? అది తెలియనిదాన్నా నేను?

ఒక్క మనిషి మాత్రం ప్రశ్న అడిగింది. పేరు మంగి. ముప్పై అయిదేళ్ళుంటాయి. గోదావరిలో కలిసే ఒక వాగు పక్కన తండాలో ఉంటుంది, అంగన్‌వాడీలో ఆయా. భర్త మణుగూరు వైపు గనిలో కాంట్రాక్టు పని చేస్తూ వారానికోసారి ఇంటికొస్తాడు. ఇంట్లో ఈమె, నడవలేని అత్త, రెండు పాడి బర్రెలు, ఒక దూడ. తండాకు బయటి దారి ఒక్కటే, వాగు మీది చప్టా, అంటే ఎత్తు లేని చిన్న వంతెన. గోదావరి ఉబ్బితే వాగు నీళ్ళు నదిలోకి పోలేక వెనక్కి తంతాయి. చప్టా మునిగితే తండా దీవే.

"మేడం, ఈ పచ్చ చుక్క మా చప్టా సంగతి చెప్తదా?" అంది.

"గోదావరి సంగతి చెబుతుందమ్మా, అది తెలిస్తే అన్నీ తెలిసినట్టే" అన్నాను.

ఆమె తల ఊపింది. నేను ఆ ప్రశ్న కాగితం మీద కూడా రాసుకోలేదు. సాయంత్రం బస్సెక్కే తొందర. రిపోర్టులో "వచ్చిన వారందరికీ అర్థమైంది" అని రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

నల్ల చాయ్

ఆ వానాకాలం ముసురు పట్టింది. ఎగువన గోదావరి నిండుతోంది గానీ భద్రాచలం దగ్గర మొదటి హెచ్చరికకు ఇంకా కిందనే ఉంది. మా చుక్క పచ్చగానే ఉంది. అది తప్పు లెక్క కాదు.

మంగి తండాలో మాత్రం వాగు వెనక్కి తన్నడం మొదలైంది. పొద్దు గూకే వేళకు అత్త మంచంలోంచే కేకలు వేసింది, వాగు ఒడ్డున పాతిన పుల్ల ఎంతవరకు తడిసిందో చూసి రమ్మని, గొడ్లను విప్పమని. మంగికి ఫోన్లో పచ్చ చుక్క కనబడుతోంది. గొడ్లను ఊరికే విప్పడం చిన్న విషయం కాదు. విప్పితే ఎవరి మిరప తోటలోనో, పత్తి చేనులోనో పడతాయి. మర్నాడు నీళ్ళు రాకపోతే చేను గలాయన ఇంటి మీదికి వస్తాడు. ఏడాది పొడుగునా మాటలుండవు. అందుకని మంగి ఫోన్‌ను నమ్మి కట్లు విప్పలేదు.

తెల్లారేసరికి కొట్టంలో రొమ్ముల లోతు నీళ్ళు. చప్టా ఎప్పుడో మునిగింది. ఇరుగుపొరుగు కలిసి అత్తను మంచంతో సహా మోసి బడి స్లాబు మీదికి చేర్చారు. అప్పటికి మెడ లోతుకు పెరిగిన నీళ్ళలో మంగి కొట్టంలోకి పోయింది గానీ తాడు ముడి నానిపోయి బిగుసుకుంది. దూడ గుంజ పెరుక్కుని బయటపడింది. బర్రెలు రెండూ కట్టేసినచోటే చచ్చిపోయాయి.

వార్త తెలియగానే నేను పోతానంటే శ్రీధర్ గారు వద్దన్నారు. "మేడం, సిస్టమ్ చెప్పాల్సిందే చెప్పింది. గోదావరి నిజంగానే హెచ్చరిక కింద ఉంది. ఇందులో మన తప్పు ఎక్కడుంది?" అన్నారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అందుకే నాకు ఒళ్ళు మండింది. తప్పు లేని లెక్కతో ఒక ఇంటిని ముంచాం, దానికి ఏం పేరు పెడదామని అడిగి, సెలవు చీటీ బల్ల మీద పడేసి బస్సెక్కాను.

మంగి నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. గడప మీది బురద కడుగుతున్నదల్లా లేచి, పీట వేసి, పొయ్యి అంటించింది. గ్లాసు చేతికిస్తూ, "పాలు లేవు మేడం, నల్ల చాయే" అంది.

గ్లాసు కింద పెట్టాను. ఏడ్చాను, సిగ్గు లేకుండా ఏడ్చాను. మంచం మీంచి అత్త వాళ్ళ భాషలో ఏదో గట్టిగా అంటోంది. నన్నే అనుకుని ఏమంటున్నదని అడిగాను.

"మిమ్ముల కాదు" అంది మంగి. "పుల్లను ఇడిచిపెట్టి ఫోన్‌ను నమ్మినవ్ కదనే అని నన్ను తిడుతున్నది. ఆమె తిట్టేది నిజమే."

పిల్లలూ, ఇక్కడ ఒక్కమాట. మీరు తయారు చేసిన వస్తువు పనిచేయకపోతే వాడినవాళ్ళు మిమ్మల్ని తిట్టరు, తమనే తిట్టుకుంటారు. నాకే తెలివి లేదు, నాకే చదువు రాదు అనుకుంటారు. అందుకే ఫిర్యాదులు రాలేదు కాబట్టి అంతా బాగుందని మీ ఆఫీసులో ఎవరైనా అంటే నమ్మకండి.

మూడు పేలికలు

పుల్ల అంటే ఏమిటో ఆ రోజు చూశాను. నీళ్ళు పెరుగుతున్నాయా తగ్గుతున్నాయా తెలుసుకోవడానికి ఒడ్డున పుల్ల గుచ్చడం నది పక్క ఊళ్ళన్నింటిలో ఉన్నదే. మంగి అత్త నడవగలిగిన రోజుల్లో దాన్ని ఇంకాస్త ముందుకు తీసుకుపోయింది. వాగు ఒడ్డున మనిషెత్తు వెదురు గడ పాతి, దానికి పాత చీర పేలికలు మూడు కట్టింది. కింది పేలిక తడిస్తే పిల్లలను చప్టా దాటి బడికి పంపరు. నడిమి పేలిక తడిస్తే ముసలివాళ్ళను, రోగులను చప్టా దాటించాలి, గొడ్ల కట్లు విప్పాలి. పై పేలిక తడిస్తే చప్టా వైపు ఎవరూ పోకూడదు, ఉన్నవాళ్ళంతా బడి స్లాబు ఎక్కాలి.

దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. మేం నది ఎన్ని అడుగులుందో చెప్పాం. ఆ ముసలామె మనిషి ఏం చేయాలో చెప్పింది. అడుగులు, రంగులు ఆమెకు అక్కర్లేదు. కొత్త వస్తువు చేయడానికి ఎక్కడికైనా పోతే, ఆ పని ఇంతకుముందు వాళ్ళు దేనితో చేసుకుంటున్నారో ముందు చూపించమనండి. ఏదో ఒకటి తప్పకుండా ఉంటుంది. నేను ఫంక్షన్ హాలుకు బదులు తండాకు పోయి ఉంటే మొదటి గంటలోనే ఆ గడ కనబడేది.

తిరిగి పోయి శ్రీధర్ గారికి చెప్పాను. ఆయన నవ్వారు. "పుల్లను సర్వర్‌కు ఎలా కలుపుతాం మేడం?" అన్నారు. పుల్ల పక్కన మనిషి ఉంది కదా, ఆమెకూ ఫోనుంది కదా అన్నాను. మూడు రోజులు వాదించుకున్నాం. చివరికి ఆయనను కారులో కూర్చోబెట్టుకుని తండాకు తీసుకుపోయాను. గడ చూశారు, ఖాళీ కొట్టం చూశారు. తిరుగు దారిలో పాల్వంచ దాటాక, "చేద్దాం" అన్నారు. మొండివాడే గానీ మంచివాడు.

ఎవరి గొంతు

చేద్దామనుకోగానే కాలేదు. మొదట మంగి ఫోన్లో ఒకటి, రెండు, మూడు నొక్కితే తండా అందరికీ ముందే రికార్డు చేసిన కాల్ పోయేలా కాగితం మీద గీశాం. ఈసారి హాలు లేదు, సమోసాలు లేవు. వానలోనే, ఆమె సొంత ఫోన్‌తో, వాగు ఒడ్డునే చూశాను. నేను నోరు విప్పలేదు. ఫోన్ తడవకుండా ఆమె పాల కవర్‌లో చుట్టుకుంది. తడి వేలికి కవర్ మీద రెండు నొక్కితే ఒకటి పడింది, మూడు నొక్కితే ఏదీ పడలేదు. ఆఫీసులో కూర్చుని ఎన్నాళ్ళు ఆలోచించినా ఆ పాల కవర్ మాకు తట్టేది కాదు.

రెండో చిక్కు గొంతు. హైదరాబాద్‌లో చక్కని గొంతున్న ఒకాయనతో రికార్డు చేయించాం. తండాలో ఆరుగురికి ఆ కాల్ పంపి, వాళ్ళేం చేస్తారో దూరం నుంచి చూశాను. "నమస్కారం" అనగానే నలుగురు కట్ చేశారు. ఎందుకంటే అలాంటి మర్యాద గొంతుతో వాళ్ళకు వచ్చేవి కంపెనీ కాల్సే. ఒకామె చివరిదాకా విని, "ఎవరో సారు మంచిగ మాట్లాడిండు" అని పనిలో పడిపోయింది. ఆమె కాలు ఎటూ కదలలేదు. ఐలయ్య గారు పక్కన నిలబడి చూస్తున్నట్టే అనిపించింది.

అంకెలూ వద్దు, ఆ గొంతూ వద్దు. మంగి ఒక నంబరుకు ఫోన్ చేసి తన నోటితో చెబితే, అదే గొంతు అందరి ఫోన్లకూ పోవాలి. ఎంత ఆలోచించినా ఇంతకంటే సులువైనది లేదు. అయితే ఈసారి వెనక్కి తగ్గింది మంగే.

"నేను గొడ్లు ఇప్పుమని చెప్పినంక నీళ్ళు రాకుంటే ఎట్లక్కా? ఎవని చేన్ల పడితే ఆడు నా మీదికే వస్తడు" అంది. అప్పటికి మేడం పోయి అక్క అయింది.

దీనికి తెర మీద జవాబు లేదు. తండా పెద్దలను కూర్చోబెట్టమని అడిగాను. రెండు పూటలు మాట్లాడుకున్నారు. నేను ఓ మూల కూర్చుని విన్నాను, సగం అర్థం కాలేదు. చివరికి ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. మంగి కాల్ వచ్చిన రోజున ఎవరి గొడ్లు ఎవరి చేనులో పడినా తగాదా లేదు, నీళ్ళు వచ్చినా రాకపోయినా సరే. చేనున్న ఒకాయన గొణిగాడు గానీ, మొన్నటి వరదలో ఆయన ఎడ్లను కూడా నీళ్ళలోంచి లాగింది ఇరుగుపొరుగే. ఒప్పుకున్నాడు. నా వృత్తి జీవితంలో అన్నింటికంటే మంచి డిజైన్ అదేనని నేను నమ్ముతాను, అందులో నా చెయ్యి ఏమీ లేదు.

పాత యాప్ కూడా ఉంచారు. శ్రీధర్ గారికి చుక్క మీద ప్రేమ పోలేదు. పోనీలే అనుకున్నాను, అన్ని యుద్ధాలూ గెలవాలని లేదు.

వాన పడిన మధ్యాహ్నం

ఆ తర్వాతి ఎండాకాలంలో నేను రిటైరయ్యాను. పరీక్షల కోసం కాల్ వెళ్ళే జాబితాలో నా నంబరు కూడా చేర్చి ఉంది. తీసేయమని నేను చెప్పలేదు.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం, అన్నం తిని వసారాలో కూర్చున్నాను. వైరాలో సన్నగా తుంపర పడుతోంది. ఫోన్ మోగింది. వాన హోరు, వెనకెక్కడో ఒక దూడ అరుపు, వాటి మధ్య మంగి గొంతు. ముందు వాళ్ళ భాషలో చెప్పి, తర్వాత తెలుగులో చెప్పింది.

"నేను మంగిని. నడిమి పేలిక తడిసింది. ముసలోళ్ళను చప్టా దాటించుండ్రి, గొడ్ల కట్లు ఇప్పుండ్రి. చుక్క చూసుకుంట కూసోకుండ్రి, జల్దీ లేవుండ్రి."

యాప్ తెరిచి చూశాను. పచ్చ చుక్క పచ్చగానే ఉంది.

ఆ సాయంత్రమంతా నా ప్రాణం నా దగ్గర లేదు. చండ్రుగొండలో పుట్టింటివాళ్ళు మంగికి ఒక బర్రెను తోలిపెట్టారని తెలుసు. దూడ కూడా పెరిగింది. అత్త ఇంకా మంచం మీదే. ఎన్నిసార్లు ఫోన్ చేసినా కలవలేదు. మా ఆయన టీవీ పెట్టబోతే కసురుకున్నాను.

మర్నాడు పొద్దున ఆమే చేసింది. చప్టా మీద నీళ్ళు పారకముందే ముసలివాళ్ళందరూ దాటారట. అత్త పునరావాస కేంద్రంలో కూర్చుని అన్నం ముద్దగా ఉందని వంటవాళ్ళను తిడుతోందట. గొడ్లన్నీ గుట్టెక్కాయి. దారిలో ఒకాయన మిరప తోట తొక్కాయి. ఆయన తోటను చూసి, మంగిని చూసి, ఏమీ అనకుండా పోయాడట. కొట్టంలో ఇప్పుడు నడుము లోతు నీళ్ళున్నాయి, ఉట్టి గుంజలే ఉన్నాయి అని చెబుతూ మంగి నవ్వింది. 

"అక్కా, నిన్న నా కాల్ నీకు గూడ వచ్చిందా?"

"వచ్చింది."

"మరి అర్థమైందా?"

ముందు రోజు మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఆ గొంతు ఆగిపోయేసరికి నేను వసారా మెట్లు దిగి తుంపరలో ఉన్నాను. ఎక్కడికి పోతున్నావని మా ఆయన అడుగుతున్నారు. మాకు గొడ్లు లేవు, ఎన్నడూ లేవు.

"లేచి చెప్పులు వేసుకున్నాను మంగీ" అన్నాను.